తవుడు నూనె బ్లీచింగ్: ఎర్త్ ఎంత పెంచినా రంగు దిగుతలేదు, ఫిల్టర్ రెండు గంటలకే మూసుకుపోతున్నది

యాసంగి (మిర్యాలగూడ)

అందరికి నమస్తే. తవుడు నూనె, ఫిజికల్ రిఫైనింగ్ లైన్ (ఆమ్లాలను కాస్టిక్‌తోని కాకుండ ఆవిరితోని తీసేది), 10 టన్నుల బ్యాచ్ బ్లీచర్, రోజుకు ఐదు బ్యాచులు. మొన్నటిదాకా 3 శాతం యాక్టివేటెడ్ ఎర్త్ (రంగు పట్టే యాసిడ్ మట్టి), 0.2 శాతం కార్బన్ వేస్తే పావు అంగుళం సెల్‌ల రంగు కొలత వై+5ఆర్ (పసుపు, ఐదింతల ఎరుపు కలిపి) 7 దగ్గరికి వస్తుండె. ఇప్పుడు ఎర్త్ 4.5 శాతానికి పెంచినా 11 కిందికి దిగుతలేదు. ఎర్త్‌ను వడకట్టే లీఫ్ ఫిల్టర్ (జాలీ పలకలది) ఆరు గంటలు నడిచేది, రెండు గంటలకే 3.5 బార్ చూపిస్తున్నది.

ఇప్పటి లెక్కలు ఇవి:
ముడి నూనె ఎఫ్‌ఎఫ్‌ఏ (విడి కొవ్వు ఆమ్లాలు) 6.5 శాతం (ఇంతకుముందు 9 ఉండేది).
డీగమ్మింగ్ (జిగురు తీసుడు) తర్వాత ఫాస్ఫరస్ 42 పీపీఎం.
బ్లీచర్‌లకు పోయే నూనెల తేమ 0.25 శాతం.
బ్లీచింగ్ 110 డిగ్రీలు, 30 నిమిషాలు, వాక్యూమ్ గేజ్ 680 మిల్లీమీటర్లు.
ఫిల్టర్‌కు పోయేటప్పుడు నూనె 72 డిగ్రీలు.
ఎర్త్ అదే సప్లయర్, కాని లాట్ కొత్తది.

లాట్‌ల కల్తీ ఉందా? లేక 5 శాతానికి పోవాల్నా?

కాకినాడ తీరం

5 శాతానికి వెళ్ళకండి. రంగు దిగకపోవడం, ఫిల్టర్ మూసుకుపోవడం వేర్వేరు జబ్బుల్లా కనిపిస్తున్నాయి గానీ రెండింటికీ మూలం మీ రెండో లెక్కలోనే ఉంది: ఫాస్ఫరస్ 42.

ఫాస్ఫరస్‌ని 25తో గుణిస్తే జిగురు ఎంతో స్థూలంగా తెలుస్తుంది. 42 పీపీఎం అంటే 1,050 పీపీఎం జిగురు, అంటే 10 టన్నుల బ్యాచ్‌లో పదిన్నర కిలోలు. ఆ జిగురంతా ఎర్త్ రేణువు మీద పొరలా పరుచుకుంటుంది. రంగు వెళ్ళి కూర్చోవలసిన రంధ్రాల నోళ్ళు ముందే మూసుకుపోతాయి. కొత్తగా పోసిన 150 కిలోల ఎర్త్ రంగు తీయడానికి కాదు, జిగురు మోయడానికి సరిపోతోంది. అదే జిగురు ఫిల్టర్ లీఫ్ మీద కేకుని (పేరుకున్న ఎర్త్ పొరని) నొక్కుకుపోయేలా చేస్తుంది, నూనె దారి మూసుకుంటుంది.

పైగా జిగురు ఉన్న నూనెని 110 దాకా వేడి చేస్తే ఆ జిగురులోని ఫాస్ఫటైడ్లు గోధుమరంగుకి తిరుగుతాయి. ఆ రంగు బిగుసుకున్నాక ఏ మట్టికీ లొంగదు. అంటే మీ బ్లీచర్ ఒక పక్క రంగు తీస్తూ ఇంకో పక్క రంగు తయారుచేస్తోందండి.

ఫిజికల్ రిఫైనింగ్‌లో బ్లీచర్‌కి వచ్చే నూనెలో ఫాస్ఫరస్ 20 లోపు ఉండాలి, 10 లోపు ఉంటే నిశ్చింత. బ్లీచర్ దాటాక 5 లోపు ఉండాలి. లేకపోతే ఫ్యాటీ యాసిడ్ డిస్టిలేషన్‌లో రంగు మళ్ళీ పైకి లేస్తుంది.

డీగమ్మింగ్‌ని ఇలా సరిచూడండి. నూనె 75–80 డిగ్రీలు. 85 శాతం ఫాస్ఫారిక్ యాసిడ్, నూనె బరువు మీద 0.15 శాతం, అంటే 10 టన్నులకి 15 కిలోలు. యాసిడ్‌ని ఊరికే ట్యాంకులో ఒంపితే నూనెలో కలవదు, అడుక్కి చేరుతుంది. హై షియర్ మిక్సర్ గుండానే పంపాలి. 20 నిమిషాలు ఆగాక 2–3 శాతం వేడినీళ్ళు, నెమ్మదైన కలియబెట్టుడుతో 30 నిమిషాలు, ఆ తర్వాత సెంట్రిఫ్యూజ్. నీళ్ళు పోశాక గట్టిగా కలిపితే పోగుపడిన జిగురు మళ్ళీ చిట్లిపోతుంది.

ఒక్క మాట అడుగుతాను: డీగమ్మింగ్‌కి బోరు నీళ్ళు వాడుతున్నారా? కాఠిన్యం ఉన్న నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం ఫాస్ఫాటిడిక్ యాసిడ్‌తో కలిసి నీళ్ళలోకి రాని లవణాలవుతాయి. నీటితో పోని జిగురంటే అదే. సాఫ్ట్‌నర్ నీళ్ళు గానీ, శుభ్రమైన కండెన్సేట్ (ఆవిరి చల్లబడిన నీళ్ళు) గానీ వాడండి.

ల్యాబ్ బల్ల (హైదరాబాద్)

కాకినాడ గారు చెప్పినదానితో ఏకీభవిస్తున్నాను. ఇంకొకటి కలుపుతాను. ఎఫ్‌ఎఫ్‌ఏ 9 నుంచి 6.5కి తగ్గి, రంగు పెరిగిందంటే తవుడు మారిందని అర్థం. పచ్చి బియ్యం తవుడు బదులు బాయిల్డ్ బియ్యం తవుడు వస్తోంది. యాసంగి వడ్లు మామూలుగా మర ఆడిస్తే నూక ఎక్కువవుతుంది కనుక మీ దగ్గర ఉడికించి ఆడిస్తారు. ఆవిరికి నూనెని ఆమ్లాలుగా విరగ్గొట్టే లైపేజ్ ఎంజైమ్ చచ్చిపోతుంది, అందుకే ఎఫ్‌ఎఫ్‌ఏ తక్కువ. కానీ అదే ఆవిరి, ఆ తర్వాత ఆరబెట్టే వేడి కలిసి చక్కెరలకూ ప్రోటీన్లకూ మధ్య గోధుమ రంగు పదార్థాల్ని తయారుచేస్తాయి. క్లోరోఫిల్‌నీ కెరోటిన్‌నీ పట్టినట్టు యాసిడ్ ఎర్త్ వీటిని పట్టదు. కార్బన్ కొంత మేలు. ఎర్త్ పెంచే బదులు కార్బన్‌ని 0.2 నుంచి 0.4కి తీసుకెళ్ళి ల్యాబ్‌లో పోల్చి చూడండి. రెండు రకాల ముడి నూనెల్ని వేర్వేరు ట్యాంకుల్లో ఉంచి ప్రతి బ్యాచ్‌కీ ఒకే నిష్పత్తిలో కలపగలిగితే రంగు ఒక బ్యాచ్‌లో పైకి, ఒకదానిలో కిందికి పోదు.

ఎర్త్ లాట్ మీద అనుమానముంటే ప్లాంటులో ప్రయోగాలొద్దు, బల్ల మీదే తేలిపోతుంది.

500 మిల్లీలీటర్ల మూడు మూతుల ఫ్లాస్కులో 200 గ్రాముల డీగమ్ నూనె. మాగ్నెటిక్ స్టిర్రర్, వాక్యూమ్ పంపు, థర్మామీటర్. ముందు వాక్యూమ్ ఇచ్చి 80 డిగ్రీలకి తెచ్చి గాలి, తేమ లాగేయాలి. వాక్యూమ్ తీసి ఎర్త్ వేసి వెంటనే మళ్ళీ వాక్యూమ్. 10 నిమిషాల్లో 105కి ఎక్కించి, 20 నిమిషాలు అక్కడే ఉంచాలి. వాక్యూమ్ వదలకుండా 80కి చల్లార్చి, అప్పుడు మాత్రమే విప్పి బుక్నర్ గరాటు మీద వడకట్టాలి. వేడి మీదుండగా విప్పితే గాలి తగిలి రంగు బిగుస్తుంది; అప్పుడు మట్టి చెడ్డదనుకుంటారు, తప్పు మీ చేతిదవుతుంది.

ఇలా 1, 2, 3 శాతాలతో మూడు ఫ్లాస్కులు, ఎర్త్ వేయని ఖాళీ ఫ్లాస్కు ఒకటి. పాత లాట్ నమూనా దాచి ఉంటే దానితో ఇంకో వరుస. ఖాళీ ఫ్లాస్కు రంగుని మొదలు విలువగా తీసుకోవాలి.

లెక్క ఎలా చేయాలో మీ పాత స్థితికి దగ్గరగా ఉండే అంకెలతో చూపిస్తాను. మొదలు 30. 1 శాతంతో 18, 2 శాతంతో 11, 3 శాతంతో 7 వచ్చిందనుకోండి. ఒక్కో శాతం మట్టి తీసిన రంగు వరుసగా 12, 9.5, 7.7. దీన్ని మిగిలిన రంగుకి ఎదురుగా లాగ్–లాగ్ కాగితం మీద పెడితే సరళరేఖ వస్తుంది. ఫ్రాయిండ్లిక్ సమీకరణం అదే: ఒక్కో శాతం మట్టి తీసిన రంగు, కె అనే స్థిరాంకాన్ని మిగిలిన రంగు ఎన్ ఘాతంతో గుణించిన విలువకి సమానం. ఇక్కడ కె 3.08, ఎన్ 0.47 దగ్గర వస్తాయి.

ఇక అసలు విషయం. 7 నుంచి 5కి దిగాలంటే ఎంత మట్టి? లెక్క కడితే మొత్తం 3.8 శాతం. మొదటి శాతం 12 యూనిట్లు తీసింది, చివరి రెండు యూనిట్ల కోసం 0.8 శాతం పోయాలి. రంగు పలచబడే కొద్దీ మట్టి పట్టు సడలుతుంది. ఎర్త్ పెంచితే చాలుననుకునే చోట డబ్బు పోయేది ఇక్కడే.

కొత్త లాట్‌కి కె పడిపోతే మట్టి చెడ్డది. పాత లాట్, కొత్త లాట్ రెండూ ఇప్పటి నూనె మీద ఒకేలా పడిపోతే నూనె చెడ్డది.

వై+5ఆర్ అనేది నిజమైన గాఢత కాదు, పోలికకి మాత్రమే పనికొస్తుంది. ఆకుపచ్చ ఛాయ ఉన్న నూనెలో ఎరుపు రీడింగ్ తక్కువ చూపించి మోసం చేస్తుంది కూడా. క్లోరోఫిల్‌ని స్పెక్ట్రోఫోటోమీటర్‌లో 630, 670, 710 నానోమీటర్ల దగ్గర విడిగా చూడండి. డియోడరైజర్ (వాసన తీసే చివరి దశ) వేడికి కెరోటిన్ విరుగుతుంది గాని క్లోరోఫిల్ విరగదు. బ్లీచర్‌లో పోనిది సీసాలో కనిపిస్తుంది.

యాసంగి (మిర్యాలగూడ)

చాలా మేలు చేసిన్రు. బోరు నీళ్ళే వాడుతున్నం, నిజమే. తవుడు కూడ ఇప్పుడు ముప్పావు వంతు బాయిల్డ్‌దే. ఫాస్ఫరస్ టెస్ట్ మా దగ్గర కాదు, బయటి ల్యాబ్ రిపోర్టు నాలుగు రోజులకు వస్తది. బ్యాచ్ బ్యాచ్‌కు తెలుసుకునే ఉపాయం ఉన్నదా?

ల్యాబ్ బల్ల (హైదరాబాద్)

హీట్ బ్రేక్ టెస్ట్ చేయండి. బీకరులో 50 మిల్లీలీటర్ల నూనె, ఫ్యూమ్ హుడ్ కింద 280 డిగ్రీలకి వేడి చేయడం. జిగురు మిగిలి ఉంటే నూనె నల్లబడి తునకలు విరుగుతుంది. రంగు అలాగే ఉన్నా, ఇంకా తేలికపడినా డీగమ్మింగ్ బాగున్నట్టు. అంకె రాదు, కానీ ఈ బ్యాచ్‌ని బ్లీచర్‌కి పంపాలా వద్దా అనేది అరగంటలో తేలుతుంది. నూనెలో తేమ ఉంటే చిమ్ముతుంది కాబట్టి ముందు 110 దగ్గర కాసేపు ఆపండి, ముఖానికి షీల్డ్ తప్పనిసరి.

హైదరాబాద్ ఐఐసీటీ (భారతీయ రసాయన సాంకేతిక సంస్థ) తవుడు నూనె కోసం ఎంజైమ్ డీగమ్మింగ్ పద్ధతిని అభివృద్ధి చేసింది. సిట్రిక్ యాసిడ్, కొంచెం కాస్టిక్‌తో పీహెచ్ 5 దగ్గర పెట్టి 50 డిగ్రీల దగ్గర ఫాస్ఫోలైపేజ్ ఎంజైమ్ వేస్తే, నీటితో పోని జిగురు కూడా నీటికి లొంగే రూపంలోకి మారుతుంది. ఫాస్ఫరస్ 10 లోపుకి వస్తుంది. గంటల సేపు ఆగే ట్యాంకు కావాలి.

మట్టిబంధం (భుజ్, కచ్)

ఎర్త్ తయారయ్యే వైపు నుంచి కొన్ని మాటలు. మన దేశంలో బ్లీచింగ్ ఎర్త్‌కి ముడిసరుకు ఎక్కువగా కచ్, బాడ్‌మేర్ ప్రాంతాల బెంటోనైట్. అందులోని ఖనిజం మాంట్‌మొరిల్లొనైట్. పుస్తకంలో కాగితాల్లా సన్నని పొరలు. రెండు సిలికా పొరల మధ్య ఒక అల్యూమినా పొర. కాల్షియం రకాన్ని ఏరి, సల్ఫ్యూరిక్ లేదా హైడ్రోక్లోరిక్ యాసిడ్‌తో మరుగు దగ్గర గంటల తరబడి ఉంచుతారు. యాసిడ్ మొదట పొరల మధ్యనున్న కాల్షియంని తోసేసి తాను కూర్చుంటుంది, తర్వాత అల్యూమినియం, మెగ్నీషియం, ఇనుముని కొంచెం కొంచెంగా కరిగిస్తుంది. పొరల అంచులు విచ్చుకుంటాయి. గ్రాముకి 60–80 చదరపు మీటర్లుండే ఉపరితలం 200–300 దాకా పెరుగుతుంది. యాసిడ్ మరీ ఎక్కువైతే పొరలు కూలిపోయి ఉత్త సిలికా మిగులుతుంది, పని తగ్గుతుంది. అందుకే ఎక్కువ యాక్టివేట్ చేసిందే మంచి మట్టి అనుకోకూడదు.

తర్వాత కడగడం. ఇక్కడే లాట్‌కీ లాట్‌కీ తేడా వస్తుంది. సరిగా కడగకపోతే యాసిడ్ మట్టిలోనే ఉండిపోతుంది. అది నూనెలో ఎఫ్‌ఎఫ్‌ఏ పెంచుతుంది, ఫిల్టర్ జాలీని తింటుంది.

బస్తాలు దిగగానే ఇవి చూడండి. తేమ: 105 డిగ్రీల దగ్గర రెండు గంటలు, 8–12 శాతం మధ్య ఉండాలి. 10 శాతం ద్రావణంలో పీహెచ్: 2.5–4 మధ్య. మిగిలిన ఆమ్లత్వం 0.3 శాతం లోపు. 200 మెష్ జల్లెడ: 80–90 శాతం కిందికి దిగాలి. పొడి ఇంతకంటే సన్నగా ఉంటే రంగు బాగా తీస్తుంది గానీ ఫిల్టర్ మీద పేస్టులా పరుచుకుంటుంది, నూనె ఎక్కువ తాగుతుంది.

తేమ తక్కువుంటే మేలని చాలామంది అనుకుంటారు. అది తప్పు. పొరలు ఒకదానికొకటి అంటుకోకుండా ఎడంగా నిలబెట్టేది ఆ నీరే. నూనెలో పడ్డాక వేడికి ఆ నీరు ఖాళీ చేసిన చోట్లలోకే రంగు చేరుతుంది. పూర్తిగా ఎండబెట్టిన మట్టిలో పొరలు ముందే మూసుకుపోయి ఉంటాయి.

సహజ మట్టి వేరే దారి. అట్టపల్గైట్, సెపియొలైట్ అనేవి సూదుల్లాంటి ఖనిజాలు. యాసిడ్ లేకుండానే కొంత పని చేస్తాయి, పీహెచ్ తటస్థం. కెరోటిన్‌కీ లోహాలకీ సబ్బుకీ బాగుంటాయి, క్లోరోఫిల్‌కి చాలవు. తవుడు నూనెకి ఒంటరిగా సరిపోవు.

ఇంకో సంగతి, ఇక్కడ చాలామంది కలగలిపేస్తుంటారు. మన చాకళ్ళు బట్టలకి వాడిన చవుడు, పడమటి దేశాల్లో ఉన్ని శుభ్రం చేసిన ఫుల్లర్స్ ఎర్త్ ఒకటి కాదు. చవుడులో సోడా ఉంటుంది, జిడ్డుని సబ్బుగా మార్చి పోగొడుతుంది. ఫుల్లర్స్ ఎర్త్ జిడ్డుని తన ఒంటికి అంటించుకుంటుంది. నూనెలో చవుడు వేస్తే సబ్బే తయారవుతుంది.

లీఫ్ ఫిల్టర్ (కృష్ణపట్నం)

యాసంగి గారూ, 72 డిగ్రీల దగ్గర ఫిల్టర్ చేస్తున్నారని రాశారు. అందరూ జిగురు మీద పడి దీన్ని వదిలేశారు. తవుడు మైనం 77–80 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మీ లైన్‌లో డీవ్యాక్సింగ్ (మైనం తీయడం) బ్లీచింగ్ తర్వాతే కదా? అయితే 72 దగ్గర మైనం గడ్డకట్టడం మొదలై కేకులో ఇరుక్కుంటుంది. 85–90 దగ్గర ఫిల్టర్ చేయండి. ఫిల్టర్ పాత్ర గోడలు, పైపులు కూడా ముందుగా ఆవిరితో వేడెక్కి ఉండాలి. లేకపోతే మొదటి బ్యాచ్ జాలీ మీదే చల్లబడుతుంది.

జాలీ ఇప్పటికే మైనం, జిగురుతో మూసుకుపోయి ఉంటుంది. లీఫులు బయటికి తీసి 2–3 శాతం కాస్టిక్, 80 డిగ్రీలు, ఒక రాత్రి నానబెట్టండి. తర్వాత మంచినీళ్ళ జెట్, కడిగిన నీళ్ళు లిట్మస్‌కి తటస్థంగా వచ్చేదాకా. కాస్టిక్ చుక్క మిగిలినా తర్వాతి బ్యాచ్‌లో సబ్బవుతుంది. దీపానికి అడ్డంగా పెట్టి చూస్తే జాలీ అంతా సమంగా వెలుగు రావాలి. నల్లటి మచ్చలున్న లీఫ్‌ని మళ్ళీ నానబెట్టాలి.

నడిపే వరుస: పాత్ర నిండుగా నూనె, పైనుంచి గాలి పూర్తిగా పోవాలి. స్లర్రీని (ఎర్త్ కలిసిన నూనెని) బ్లీచర్‌కే తిప్పిపంపుతూ 10–15 నిమిషాలు, సైట్ గ్లాస్ తేటపడేదాకా. ఆ తర్వాతే శుద్ధ నూనె ట్యాంకుకి. మధ్యలో పంపు ఆగకూడదు. ఒత్తిడి ఒక్క క్షణం పడిపోతే లీఫుల మీది కేకు జారి అడుగున పడుతుంది, మళ్ళీ మొదటికొస్తుంది. కేకు ఒక్కో పక్క 20 మిల్లీమీటర్లు దాటనివ్వకండి. రెండు లీఫుల కేకులు కలిసిపోతే లీఫులు వంగుతాయి.

చివర ఆవిరి ఊదేటప్పుడు ముందు లైన్‌లోని కండెన్సేట్ పూర్తిగా వదలండి. పొడి ఆవిరి, 2.5–3 బార్, 15–20 నిమిషాలు. తడి ఆవిరి వస్తే కేకు బురదై జాలీకి పట్టుకుంటుంది. గాలితో ఊదవద్దు, వేడి కేకులో నూనె, గాలి కలిస్తే అంటుకునే ప్రమాదముంది. ఆవిరితో బయటికొచ్చిన నూనెని బ్లీచ్డ్ ట్యాంకులో కలపకండి, అది తడిది, ఆక్సిడైజ్ అయినది. ముడి ట్యాంకుకి పంపండి.

నూనె ఎంత పోతోందో కూడా చూడండి. 3 శాతం ఎర్త్, 0.2 కార్బన్ అంటే 320 కిలోలు. కేకులో నూనె 25 శాతముంటే కేకు 427 కిలోలు, అందులో నూనె 107 కిలోలు. 4.5 శాతానికి అదే లెక్క 157 కిలోలు. బ్యాచ్‌కి 50 కిలోల తేడా, రోజుకి ఐదు బ్యాచులంటే 250 కిలోల నూనె మట్టిలో కలిసి పోతోంది. అదే 3 శాతం ఎర్త్ మీద ఆవిరి సరిగా ఊది కేకు నూనెని 20 శాతానికి తెస్తే బ్యాచ్‌కి 80 కిలోలే.

కాకినాడ తీరం

మైనం సంగతి నాకు తట్టలేదు, లీఫ్ ఫిల్టర్ గారు పట్టుకున్నారు. బ్లీచర్ ఉష్ణోగ్రత మీద ఒక మాట. 110, 30 నిమిషాలు ఈ నూనెకి ఎక్కువ. 100–105, 20–25 నిమిషాలు చాలు. ఎర్త్‌ని 105 దగ్గర వేయకూడదు. నూనె 75–80 ఉన్నప్పుడు పక్క ట్యాంకులో స్లర్రీగా కలిపి వాక్యూమ్‌తో లోపలికి లాగి, తర్వాత వేడెక్కించాలి. అప్పుడు ఎర్త్‌లోని నీరు నెమ్మదిగా వదులుతుంది. నేరుగా వేడి నూనెలో వేస్తే నీరంతా ఒక్కసారిగా ఆవిరై నురగ వాక్యూమ్ లైన్‌లోకి పోతుంది.

గేజ్ 680 అంటే మీ ఊళ్ళో లోపల మిగిలిన ఒత్తిడి 70 మిల్లీమీటర్లకి అటూ ఇటూ. ఫర్వాలేదు. గ్లాండ్ దగ్గర గాలి లీకుందేమో మాత్రం చూడండి. పంపు బలంగా ఉంటే లీకున్నా గేజ్ బాగానే చూపిస్తుంది, లోపల నూనె మాత్రం ఆక్సిజన్ తాగుతూనే ఉంటుంది. బ్లీచింగ్‌కి ముందు, తర్వాత పెరాక్సైడ్ విలువ ఒక్కటే చూస్తే చాలదు. ఎర్త్ పెరాక్సైడ్లని విరగ్గొడుతుంది కాబట్టి ఆ అంకె ఎప్పుడూ తగ్గే కనిపిస్తుంది. విరిగిన ముక్కలు ఆల్డిహైడ్లు. వాటిని కొలిచే అనిసిడిన్ విలువ కూడా తీయించండి. అది బాగా పెరిగితే గాలి చేరుతున్నట్టే.

పామ్ నూనె (పసిర్ గుడాంగ్, మలేషియా)

రంగు గురించే మాట్లాడుకుంటున్నారు కాబట్టి ఒకటి చేరుస్తాను. ఇక్కడ పామ్ రిఫైనరీలలో ఎర్త్‌ని ఎంచేది ఇప్పుడు రంగు చూసి మాత్రమే కాదు, నూనె శుద్ధిలో పుట్టే హానికర పదార్థాలు 3-ఎంసీపీడీ, గ్లైసిడిల్ ఎస్టర్లు చూసి కూడా. ఐరోపా యూనియన్ 2018లో గ్లైసిడిల్ ఎస్టర్లకి కిలోకి 1,000 మైక్రోగ్రాముల పరిమితి పెట్టింది, 2020లో 3-ఎంసీపీడీకి కూడా పెట్టింది.

3-ఎంసీపీడీ రావడానికి క్లోరిన్ కావాలి, ఆమ్లం కావాలి, వేడి కావాలి. హైడ్రోక్లోరిక్ యాసిడ్‌తో యాక్టివేట్ చేసి సరిగా కడగని ఎర్త్ మొదటి రెండూ తెచ్చిపెడుతుంది. అందుకే చాలాచోట్ల సహజ మట్టికో, తటస్థ పీహెచ్ ఎర్త్‌కో మారారు. కొంచెం ఎక్కువ పోయాల్సి వచ్చినా. గ్లైసిడిల్ ఎస్టర్లు మట్టి వల్ల రావు, 230–240 డిగ్రీలు దాటిన డియోడరైజింగ్‌లో డైగ్లిసరైడ్ల నుంచి వస్తాయి. తవుడు నూనెలో డైగ్లిసరైడ్లు ఎక్కువ, ఫిజికల్ రిఫైనింగ్‌లో వేడీ ఎక్కువ. ఎగుమతి ఆలోచన ఉన్నవాళ్ళు ఎర్త్ కొనేటప్పుడు ఏ యాసిడ్ వాడారు, క్లోరైడ్ ఎంత మిగిలింది అని రాతపూర్వకంగా అడగండి.

తవుడు నూనెకి కాస్టిక్ రిఫైనింగ్ దారి పట్టమని మాత్రం అనను. నూనెలోని సహజ యాంటీఆక్సిడెంట్ ఒరిజనాల్ కాస్టిక్‌తో కలిసి సోప్‌స్టాక్ (సబ్బు వ్యర్థం)లోకి పోతుంది. తవుడు నూనెకి విలువ తెచ్చేదే అది.

గానుగ కొట్టు (అనంతపురం)

ఇక్కడ అడగొచ్చో లేదో తెలియదు. కరెంటు గానుగలో వేరుశెనగ నూనె తీస్తాం. కొందరు కొనేవాళ్ళు మబ్బుగా ఉందంటున్నారు. ముల్తానీ మట్టి వేసి వడకడితే తేటపడుతుందని ఒకరు చెప్పారు. ఎంత వేయాలి?

మట్టిబంధం (భుజ్, కచ్)

వేయొద్దండి. అంగట్లో దొరికే ముల్తానీ మట్టి ముఖానికి రాసుకునేది, తినే నూనెకి పరీక్షించినది కాదు. అందులో సీసం, ఆర్సెనిక్ ఎంతుందో ఎవరూ చూడరు. వాక్యూమ్ లేకుండా గాలిలో మట్టి వేసి వేడి చేస్తే నూనె త్వరగా కంపు కొడుతుంది. బట్టలో వడకట్టినా సన్నపొడి నూనెలో మిగిలిపోతుంది, మట్టి వాసన డియోడరైజర్ లేకుండా పోదు. అంతర్జాతీయ కోడెక్స్ ప్రమాణం ప్రకారం కోల్డ్ ప్రెస్డ్ నూనెని నీటితో కడగడం, తేర్చడం, వడకట్టడం, సెంట్రిఫ్యూజ్ చేయడం వరకే అనుమతి.

మీ మబ్బు రంగు కాదు, మడ్డి, తేమ. అడుగు సన్నబడిన స్టీల్ డ్రమ్ములో, కుళాయి అడుగుకి నాలుగు అంగుళాల పైన పెట్టి, మూడు రోజులు కదపకుండా తేర్చండి. తర్వాత మందపాటి నేత బట్ట గుండా. చలికాలం పొద్దున వచ్చే మబ్బు గడ్డకట్టడం వల్ల, ఎండ తగిలితే పోతుంది.

ల్యాబ్ బల్ల (హైదరాబాద్)

వేరుశెనగ కాబట్టి ఇది కూడా. బూజు పట్టిన గింజల నుంచి వచ్చే అఫ్లాటాక్సిన్‌ని పెద్ద రిఫైనరీలో కాస్టిక్, బ్లీచింగ్ ఎర్త్ తీసేస్తాయి. గానుగలో ఆ రెండూ లేవు. కాబట్టి ముడుచుకున్నవి, రంగు మారినవి, పగిలినవి గింజ దశలోనే ఏరేయాలి. ఆ విషంలో ఎక్కువ భాగం చెక్కలోనూ మడ్డిలోనూ ఉంటుంది, అందువల్ల మడ్డి బాగా తేర్చడం రంగు కోసమే కాదు.

సబ్‌స్టేషన్ (కర్నూలు)

ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్ రీక్లెయిమింగ్‌లో ఫుల్లర్స్ ఎర్త్ కాలమ్‌లు వాడతాం. అక్కడ మీరు చెప్పే యాక్టివేటెడ్ ఎర్త్ చవకగా దొరికితే వాడొచ్చా?

మట్టిబంధం (భుజ్, కచ్)

వద్దు. ఆ నూనెలో మీరు తీయాల్సిందే ఆమ్లం. యాసిడ్ ఎర్త్ తన ఆమ్లాన్ని వదిలితే టాన్ డెల్టా (నూనెలో విద్యుత్ నష్టాన్ని చెప్పే కొలత) పెరుగుతుంది. అక్కడ సహజ అట్టపల్గైటే సరి, అదీ 30/60 మెష్ గుళికలు. 200 మెష్ పొడిని కాలమ్‌లో పోస్తే నూనె దిగదు. 60–80 డిగ్రీల దగ్గర నెమ్మదిగా దించండి, తర్వాత వాక్యూమ్‌లో తేమ, గ్యాస్ తీసి, ఆక్సిడేషన్ నిరోధకం డీబీపీసీని 0.3 శాతానికి సరిచేయండి.

యాసంగి (మిర్యాలగూడ)

అందరు చెప్పినట్టు చేసినం. లెక్కలు పెడుతున్న.

సాఫ్ట్‌నర్ నీళ్ళు, యాసిడ్ మిక్సర్ గుండా: ఫాస్ఫరస్ 42 నుంచి 13.
బ్లీచింగ్ 103 డిగ్రీలు, 25 నిమిషాలు. ఎర్త్ 3 శాతం, కార్బన్ 0.35.
వై+5ఆర్ 7.8.
ఫిల్టర్ 87 డిగ్రీలు, లీఫులు కాస్టిక్‌ల నానబెట్టినంక ఐదు గంటలు నడుస్తున్నది.
ల్యాబ్‌ల పాత లాట్, కొత్త లాట్ ఎర్త్ ఒక్క తీరుగనే వచ్చినయి. మట్టిల తప్పు లేదు.

ఇంకా 7.8 నుంచి 7 కిందికి రావాలంటే ఎర్త్ కాకుండ వేరే తొవ్వ ఉన్నదా? ఇంకొకటి: వాడిన కేకు షెడ్ల కుప్ప పోస్తున్నం, నిన్న దాని నుంచి పొగ వచ్చింది.

ల్యాబ్ బల్ల (హైదరాబాద్)

తొవ్వ ఉంది: ఎర్త్‌ని రెండు విడతలుగా వేయడం. పైన చూపిన లెక్కలోనే 5కి దిగడానికి ఒకేసారి వేస్తే 3.8 శాతం కావాలి. 1.45 శాతం వేసి వడకట్టి, మళ్ళీ కొత్తగా 1.45 శాతం వేస్తే మొదటి విడతలో 14.3కి, రెండో విడతలో 5కి వస్తుంది. మొత్తం 2.9 శాతమే. రెండో ఫిల్టర్ కావాలి, అది లేకుండా కుదరదు. రెండో విడత ఎర్త్‌లో ఇంకా శక్తి మిగిలే ఉంటుంది. దాన్నే తర్వాతి బ్యాచ్ మొదటి విడతకి వాడితే ఇంకొంచెం ఆదా. ముందు ఫాస్ఫరస్‌ని 13 నుంచి 10 లోపుకి తెచ్చి చూడండి, ఫిల్టర్ కొనే ముందు అదే చవక.

లీఫ్ ఫిల్టర్ (కృష్ణపట్నం)

పొగ సంగతి ముందు చూడండి, మిగతావన్నీ తర్వాత. వాడిన ఎర్త్‌లో నూనె సన్నని పొరగా పరుచుకుని ఉంటుంది, గాలి అన్ని వైపుల నుంచీ తగులుతుంది, మట్టే ఆ ఆక్సిడేషన్‌ని వేగం చేస్తుంది. పుట్టిన వేడి కుప్ప మధ్యలోనుంచి బయటికి పోలేదు. గంటల్లోనో ఒక రోజులోనో నిప్పవుతుంది.

ఇప్పుడు కుప్పని పారతో ఒక్కసారిగా విప్పకండి, గాలి తగిలి మంట లేస్తుంది. పైనుంచి నీళ్ళు చిలకరిస్తూ, తడిసిన మేర అంచుల నుంచి కొంచెం కొంచెంగా తీసి బయట నేల మీద పలచగా పరచండి. ఇకనుంచి ఫిల్టర్ నుంచి కేకు పడగానే నీళ్ళు చల్లి చల్లార్చండి. కుప్ప అడుగున్నర ఎత్తు దాటకూడదు. హెక్సేన్ ప్లాంటుకీ, తవుడు గోదాముకీ, గోనెసంచులకీ దూరంగా, పైకప్పు ఉండి పక్కలు తెరిచి ఉన్న చోట పోయండి. పొడుగాటి థర్మామీటరుని మధ్యకి గుచ్చి పూటకోసారి చూడండి. 60 డిగ్రీలు దాటితే వెంటనే పరచి తడపాలి. ఇటుక బట్టీలకో సిమెంటు ఫ్యాక్టరీకో పంపేటట్టయితే వారానికోసారి కాదు, ఏ రోజు కేకు ఆ రోజే లారీ ఎక్కించండి. లారీ మీద టార్పాలిన్ బిగించే ముందు కూడా ఒకసారి థర్మామీటరు గుచ్చి చూడండి.